ఫలక్‌నుమా గోడల మీద ఆ రెండక్షరాలు

మా పెళ్లయి ముప్పై ఏళ్లు నిండిన సందర్భంలో హైదరాబాదులో ఉద్యోగం చేసే మా బిడ్డ ఫోన్ చేసింది. "అమ్మా, ఒక్క రాత్రికి బట్టలు సర్దుకో. మంచి చీర పెట్టుకో. ఎక్కడికని మాత్రం అడగకు" అంది. అడగకుండా ఉంటానా! రెండు రోజులు సతాయిస్తే చెప్పింది. ఫలక్‌నుమా ప్యాలెస్. అక్కడే మకాం, అక్కడే రాత్రి భోజనం.

రేటు ఎంతో మాత్రం చెప్పలేదు. నేనే ఫోన్లో వెతికి చూసి, చూశానని ఎవరికీ చెప్పలేదు. మా సారుకైతే అసలే చెప్పలేదు. ఆయన బడిపంతులుగా రిటైర్ అయిన మనిషి, ఆ అంకె విన్నాడంటే కారు దిగి బస్సెక్కి ఖేడ్‌కు తిరిగి వస్తాడు.

బయల్దేరే ముందు అత్తమ్మకు చెప్పాను, ఫలానా నవాబుగారి మేడలో ఉండి వస్తామని. ఆమెకు ఎనభై దాటాయి. మంచం మీద కూర్చుని కందులు చేటలో పోసుకుని చెరుగుతోంది. తల ఎత్తకుండానే "పైగా వాళ్లదా?" అంది. అవునన్నాను. "మా మామ చెప్తుండె, మనది పైగా తాలూకా అని. శిస్తంత ఆళ్లకే బోవు. మరి మనింటికే పోతున్నరు పోండ్రి" అంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "గంత పెద్దింట్ల పొద్దున లేస్తె ఎవలు ఊడుస్తరే?" అనడిగింది. తెలుసుకుని వస్తానన్నాను.

ఆమె అన్న ఆ పైగా మాట ఈ తరం వాళ్లలో చాలామందికి తెలియదు, కాబట్టి కాస్త చెప్పాలి. నిజాం రాజ్యంలో భూములన్నీ సర్కారు కింద ఉండేవి కావు. జాగీర్లు వేరు, సంస్థానాలు వేరు, పైగాలు వేరు. పైగా వాళ్లంటే నిజాం తర్వాత అంతటి వాళ్లు. నిజాం సొంత సైన్యాన్ని పోషించడానికని పద్దెనిమిదో శతాబ్దంలో వీళ్ల మూలపురుషుడికి ఊళ్లకు ఊళ్లు రాసిచ్చారు. ఆ ఊళ్లలో శిస్తు వాళ్లదే, పోలీసులు వాళ్లవే, కచేరీలూ వాళ్లవే. నిజాముల ఆడపిల్లలను ఈ ఇంటికే కోడళ్లుగా ఇచ్చేవారు. తర్వాత కుటుంబం మూడు శాఖలైంది. మన నారాయణఖేడ్ అప్పట్లో బీదర్ జిల్లా. 1956 నవంబర్ 1న రాష్ట్రాలు విడగొట్టినప్పుడు బీదర్ కర్ణాటక వైపు పోయింది, ఖేడ్ తాలూకా మాత్రం తెగి మెదక్ జిల్లాలో కలిసింది. అందుకే ఇప్పటికీ మా సంతలో కన్నడం, మరాఠీ వినిపిస్తాయి. 2016లో సంగారెడ్డి జిల్లాకు వచ్చాం. జాగీర్లు, పైగాలు అంతకు ముందే, పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు 1949లో, రద్దయ్యాయి. అత్తమ్మ మామగారు ఆ రద్దును కళ్లారా చూసిన మనిషి.

నిజాంపేట దాటి, జోగిపేట మీదుగా సంగారెడ్డి, అక్కణ్ణుంచి హైదరాబాదు. ట్రాఫిక్‌లో పాతబస్తీ దాటేసరికి సాయంత్రమైంది. చార్మినార్ నుంచి అయిదు కిలోమీటర్లుంటుందేమో. ఫలక్‌నుమా అంటే మా చిన్నప్పుడు రైలు స్టేషన్ పేరే. ఇరుకు వీధులు, మెకానిక్ షెడ్లు, కోడి మాంసం కొట్లు, అన్నీ దాటాక ఒక గుట్ట, గుట్ట మీద మేడ. కట్టిన రోజుల్లో ఇది ఊరి బయటి గుట్టే. నవాబుగారు పట్నం రద్దీకి దూరంగా కట్టుకున్న ఇల్లన్నమాట. పట్నమే పెరుగుతూ పెరుగుతూ వచ్చి గుట్ట కింద నాలుగు దిక్కులా కూర్చుంది.

గేటు దగ్గర కారు ఆపి గుర్రబ్బండి ఎక్కించారు. మా సారు ఎక్కనన్నాడు, బిడ్డ ఊరుకోలేదు. మెట్ల మీదకు రాగానే పైనుంచి గులాబీ రేకులు చల్లారు. మా పెళ్లిలో కూడా ఇన్ని పూలు చల్లలేదు. నేను కొంగులో పడిన రేకులు కొన్ని తీసి పర్సులో వేసుకున్నాను, అత్తమ్మకు చూపించడానికి.

సాయంత్రం బస చేసినవాళ్లందరినీ ఒక పెద్దమనిషి ఇల్లంతా తిప్పి చూపించాడు. బాగా చెప్పాడు. ఆయన చెప్పినదీ, నేను ఇంటికొచ్చాక చదువుకున్నదీ కలిపి రాస్తున్నాను.

ఈ మేడ కట్టించినది నవాబ్ వికార్-ఉల్-ఉమ్రా. పైగా మూడు శాఖల్లో ఒకదానికి పెద్ద. భార్య స్వయానా ఐదో నిజాం కూతురు, అంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు తోబుట్టువు. 1884 మార్చిలో పునాది రాయి వేశారు. విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు ప్లాను గీశాడు. పైనుంచి చూస్తే తేలు ఆకారంలో ఉంటుందట, రెండు కొండీలూ ముందుకు చాచి. పాలరాయి ఇటలీ నుంచి, షాండ్లియర్లు ఇంగ్లండులోని ఆస్లర్ కంపెనీ నుంచి. లైబ్రరీ పైకప్పు చెక్కపని విండ్సర్ కోటలోని దానికి నకలు. డాన్సుల హాల్లో చేత్తో తిప్పే పెద్ద ఆర్గన్ ఉంది. బిలియర్డ్స్ బల్ల ఉంది. వీటిలో సగం వస్తువులు ఎందుకు వాడతారో నాకు తెలియదు, తెలిసినట్టు తలూపాను.

నాకు నచ్చింది వేరే సంగతి. ఇల్లు మొత్తం పూర్తవడానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. కానీ 1890లోనే ఆయన కుటుంబంతో సహా వచ్చేశాడు. వెనకవైపు జనానా మహల్, గోల్ బంగళా అప్పటికి తయారైతే అందులో దిగి, ముందువైపు మర్దానా పని దగ్గరుండి చేయించుకున్నాడు. అంటే ఎంత నవాబు ఇంటి ఇల్లాలైనా దుమ్ములో, సున్నంలో, మేస్త్రీల అరుపుల మధ్య రెండు మూడేళ్లు సంసారం చేసిందన్నమాట. పూర్తికాని ఇంట్లో కాపురం ఎలా ఉంటుందో చేసినవాళ్లకే తెలుసు.

ఖర్చు నలభై లక్షలైందని చెబుతారు. ఆ రోజుల్లో నలభై లక్షలు! ఎంత పైగా నవాబైనా అప్పుల్లో పడ్డాడు. 1893లో రాజ్యానికి ప్రధానమంత్రి కూడా అయ్యాడు, అయినా ఇంటి అప్పు ఇంటి అప్పే. ఇక్కడే ఆ పెద్దమనిషి ఒక కథ చెప్పాడు. హైదరాబాదులో అందరూ చెప్పుకునే కథే. అప్పు మెడకు చుట్టుకున్నాక ఏం చేయాలో తోచక నవాబు కూర్చుంటే, ఆయన బేగం ఉపాయం చెప్పిందట. నిజాంను ఇంటికి అతిథిగా పిలవండి, ఆయనకు నచ్చుతుంది, నచ్చగానే నజరానాగా ఇచ్చేయండి అని. పిలిచారు. మహబూబ్ అలీ పాషా వచ్చాడు. ఒక రోజుకని వచ్చినవాడు చాలా రోజులు ఉండిపోయాడట. నవాబు చేతులు జోడించి ఇల్లు మీదే అన్నాడు. నిజాం ఊరికే తీసుకోకుండా డబ్బు ఇచ్చాడు. అలా 1897, 98 ప్రాంతంలో ఫలక్‌నుమా చేతులు మారింది.

ఇంకో రకంగా కూడా చెబుతారు, నిజాం మెచ్చుకునేసరికి నవాబే మర్యాద కోసం ఇచ్చేశాడని, అందులో బేగం ఊసే ఉండదు. నేను మొదటిదే నమ్ముతాను. ఆమె ఎవరి చేతికి ఇమ్మంది? సొంత తమ్ముడి చేతికి. మొగుడి పరువు పోకుండా, ఇల్లు పరాయివాళ్ల పాలు కాకుండా, అప్పు తీరేలా, మూడూ ఒక్క దెబ్బకు అయ్యే దారి. మగవాళ్లు మర్యాద కోసం ఇచ్చామని చెప్పుకుంటారుగానీ లెక్క వేసింది ఆమే అయి ఉంటుంది.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది.

2011లో మా సారు ఖేడ్‌లో ఇల్లు మొదలుపెట్టాడు. కింద మూడు గదులు, పైన రెండు. ప్లాను తనే డ్రాయింగ్ పేపరు మీద గీశాడు. కిటికీలు ఎక్కడ ఉండాలి, పొద్దుటి ఎండ ఏ గదిలో పడాలి, అన్నీ. బ్యాంకు లోను సరిపోలేదు. మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చాడు. స్లాబ్ పడేసరికి నా గాజులు పోయాయి, పైన గోడలు లేచేసరికి పుస్తెలతాడు తాకట్టులోకి వెళ్లింది. అయినా ఆయన గేటు మాత్రం ప్రత్యేకంగా చేయించాడు. వెల్డింగ్ అతని దగ్గర కూర్చుని, గ్రిల్లు మధ్యలో తన పేరు రెండక్షరాలు ఇనుముతో వంపించాడు.

2013లో నేనే అన్నాను, ఇల్లు మా మరిదికి ఇచ్చేద్దామని. మరిది అప్పుడే దుబాయి నుంచి వచ్చాడు, చేతిలో డబ్బుంది, ఇల్లు చూసినప్పుడల్లా బాగుందంటున్నాడు. బయటివాళ్లకు అమ్మితే వడ్డీవాడు తరిమితే అమ్మాడంటారు, తమ్ముడికిస్తే తమ్ముడికిచ్చాడంటారు. మా సారు ఆర్నెల్లు నాతో సరిగా మాట్లాడలేదు. చివరికి ఇచ్చాడు. అప్పులన్నీ తీరాయి, బిడ్డ ఇంజనీరింగ్ చదివింది, మేం అత్తమ్మతో పాటు పాత పెంకుటింట్లోనే ఉన్నాం. అదేం కష్టం కాదు. నా పుస్తెలతాడు నా మెడలోకి వచ్చింది. నేను చేసింది మంచి పనే అని అప్పుడూ ఇప్పుడూ నా నమ్మకం.

కథ విన్నప్పుడు మా సారు వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. పైకప్పు వైపు చూస్తున్నాడు. పెద్దమనిషి అప్పుడే అటు చేయి చూపించి చెబుతున్నాడు. గోడల మీద, పైకప్పు అంచుల్లో, సామాను మీద, ఎక్కడ చూసినా "వీ", "ఓ" అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు పెనవేసి ఉంటాయి. వికార్-ఉల్-ఉమ్రా పేరు. ఇల్లు నిజాంది అయ్యాక కూడా వాటిని చెరపలేదు. నూటపాతికేళ్లు దాటినా అలాగే ఉన్నాయి.

మా మరిది కూడా గేటు మార్చలేదు. మా సారు రోజూ పాలకు అటే వెళ్తాడు.

భోజనం సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. ఆ ఇంట్లో పేరుమోసిన భోజనాల బల్ల ఒకటుంది, ఒకేసారి నూట ఒక్కమంది కూర్చుని తినేది. రోజ్‌వుడ్ కుర్చీలు, ఆకుపచ్చ తోలు సీట్లు. ఈ చివర గుసగుసలాడితే ఆ చివర వినిపిస్తుంది, గది అలా కట్టారు. 2017 నవంబర్‌లో ప్రధాని మోదీ, అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్ భోంచేసింది ఈ బల్ల దగ్గరే. మాలాంటివాళ్లకు చూపించి పంపిస్తారు. బిడ్డ ఆ చివరకు వెళ్లి ఏదో గొణిగింది. "హ్యాపీ యానివర్సరీ" అని నాకు చెవిలో చెప్పినట్టే వినిపించింది. నూట ఒక్కమందికి వడ్డించాలంటే వంటింట్లో ఎంతమంది ఉండాలి, వేడి పోకుండా ఎలా తేవాలి, అదే నా ఆలోచన. అత్తాకోడళ్లు గుసగుసలాడుకోవడానికి మాత్రం ఈ బల్ల పనికిరాదు.

మేం తిన్నది హైదరాబాదీ వంటలు పెట్టే రెస్టారెంటులో. కింద ఊరంతా దీపాలు, దూరంగా చార్మినార్. బగారా బైంగన్, ఖట్టీ దాల్, బిర్యానీ, చివర్న ఖుబానీ కా మీఠా చెప్పాం. బగారా బైంగన్ రుచి చూడగానే పల్లీలు, నువ్వులు, కొబ్బరి వేయించిన వాసన, చింతపండు పులుపు. ఇది మన గుత్తివంకాయకు అన్న వరసే. మా వైపు ఇందులో కొబ్బరి తక్కువ, నువ్వులు ఎక్కువ వేస్తాం, జొన్నరొట్టెతో తింటాం. నువ్వులూ జొన్నలూ మన పొలాల నుంచి, మసాలా వాళ్ల వంటింటి నుంచి. శిస్తుతో పాటు ఇవీ అటూ ఇటూ నడిచి ఉంటాయి. ఖట్టీ దాల్ బాగుంది కానీ కందిపప్పు మన నల్లరేగడి కందిపప్పు కాదు, ఆ సంగతి నేను పందెం కాసి చెప్పగలను.

శిస్తు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి కూడా చెప్పాలి. ఇల్లు చేతులు మారిన రెండేళ్లకే, 1899-1900లో, దేశమంతా పెద్ద కరువు. మన బీదర్ జిల్లా కూడా అందులో మాడింది. అప్పుడు ప్రధానమంత్రి ఈ వికార్-ఉల్-ఉమ్రాయే. 1901లో ఆ పదవి దిగి, 1902లో చనిపోయాడు. ఇటలీ రాయి చూస్తూ ఉంటే అందంగానే ఉంటుంది, నేను కూడా చేత్తో తడిమి చూశాను. కానీ ఆ కరువులో ఖేడ్ ఊళ్లలో మనవాళ్ల ఇళ్లలో ఏం వండుకుని ఉంటారా అని బిర్యానీ ముందు కూర్చుని అనుకోకుండా ఉండలేకపోయాను. అనుకున్నాను, తిన్నాను కూడా. అబద్ధం ఎందుకు.

ఖుబానీ వచ్చాక మా సారు నోరు విప్పాడు. "ఆ నవాబు తర్వాత ఎప్పుడైనా ఈ ఇంటికి భోజనానికి వచ్చి ఉంటాడంటావా?" అన్నాడు.

"ప్రధానమంత్రి కదా, రాకుండా ఎలా?" అన్నాను.

"వస్తే ఎక్కడ కూర్చుంటాడు? ఆ బల్ల దగ్గర తన కుర్చీలో నిజాం కూర్చుంటాడు కదా" అన్నాడు. ఆగి, "తమ్ముడు గృహప్రవేశానికి పిలిస్తే నేను కూడా ఎక్కడ కూర్చోవాలో తెలియక వంటవాళ్ల దగ్గర నిలబడ్డా" అన్నాడు.

పన్నెండేళ్లలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. ఆ రోజు నేను పులిహోర కలుపుతూ, వడ్డనలు చూస్తూ, అప్పు తీరిందన్న సంబరంలో ఉన్నాను. ఆయన ఎక్కడున్నాడో కూడా చూసుకోలేదు. బేగం ఏం ఉపాయం చెప్పిందో అందరూ చెబుతారు. నజరానా ఇచ్చి వచ్చిన రాత్రి నవాబు నిద్రపోయాడో లేదో ఆమె అడిగిందా లేదా, అది ఎవరూ చెప్పరు. నేనైతే అడగలేదు. అక్కడ అడిగాను. బిడ్డ ముందు ఏం చెబుతాడు! "ఎండ పడే కిటికీ ఒక్కటి గుర్తొస్తది" అని, నా గిన్నెలోని ఖుబానీ కూడా తనే తినేశాడు.

రాత్రి గదిలో పడుకుంటే నిద్ర పట్టలేదు. మెత్తటి పరుపు నాకు సరిపడదు. ఆ ఇంటి తర్వాతి కథ తలచుకుంటూ ఉండిపోయాను. ఆరో నిజాం 1911లో ఈ ఇంట్లోనే కన్నుమూశాడు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్ కోఠీలోనే ఉండేవాడు, దీన్ని అతిథులకు వదిలేశాడు. వైస్రాయిలు, ఇంగ్లండు యువరాజులు దిగేవారు. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఉండి వెళ్లాక ఇంక పెద్దగా ఎవరూ లేరు, తాళాలు పడ్డాయి. దాదాపు యాభై ఏళ్లు. 2000లో తాజ్ హోటళ్లవాళ్లు లీజుకు తీసుకున్నారు, బాగుచేయడానికి పదేళ్లు పట్టింది, 2010 నవంబర్‌లో హోటలుగా తెరిచారు.

ఆ పదేళ్లు దగ్గరుండి పని చేయించింది కూడా ఒక ఆడమనిషే. యువరాణి ఎస్రా. టర్కీ పిల్ల, ఉస్మాన్ అలీ ఖాన్ మనవడు ముకర్రం జాను 1959లో పెళ్లి చేసుకుంది. తర్వాత విడాకులయ్యాయి. అయినా ఆయన ఆస్తులు కోర్టుల్లో, అప్పుల్లో చిక్కుకున్నప్పుడు ఆమే తిరిగొచ్చి చౌమహల్లానూ, దీన్నీ నిలబెట్టింది. పాత గుడ్డల నేతలు, గోడల రంగులు, కుర్చీల తోలు, ఒక్కోటీ ఎలా ఉండేదో చూసి అలాగే చేయించిందట. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోతే ఇక్కడికి తెచ్చి మక్కా మసీదులో పూడ్చారు. ఆ ఇంటితో సంబంధం తెగిపోయిన కోడలు ఆ ఇంటికి సున్నం వేయించడం, దీని గురించి నేను ఇంకా తేల్చుకోలేదు. కొందరు గొప్పతనం అంటారు. నాకైతే పదేళ్లు రోజూ ఆ గదుల్లో తిరగడానికి ఆమెకు ఎంత ఓపిక ఉండాలో అనిపించింది.

పొద్దున ఆరింటికే లేచి బయటికి వచ్చాను. అత్తమ్మకు మాటిచ్చాను కదా. వరండాలో ఒకామె తుడుస్తోంది, నలభై ఏళ్లుంటాయి. తెలుగులో పలకరిస్తే ముందు బెదిరింది, తర్వాత నవ్వింది. గుట్ట కింద బస్తీలోనే ఉంటుందట. ఎంతమంది తుడుస్తారమ్మా అంటే వేళ్లు లెక్కపెట్టి మళ్లీ వదిలేసి, "మస్తు మందిమున్నం అమ్మా, పాలరాయి కదా, నీళ్లు నిలవొద్దు, మెల్లగ తుడవాలె" అంది. ఊరేదంటే నారాయణఖేడ్ అన్నాను. "మా చిన్నమ్మను ఆడికే ఇచ్చిండ్రు" అంది. తండా పేరు చెప్పింది. మా సారు దగ్గర చదువుకున్న పిల్లలున్న తండానే.

సాయంత్రానికి ఇల్లు చేరాం. వచ్చేటప్పుడు కారు మరిది ఇంటి ముందు నుంచే వచ్చింది. నేనే ఆపమన్నాను. తోటికోడలు చాయ్ పెట్టింది. మా సారును తూర్పు కిటికీ పక్కన కుర్చీలో కూర్చోమన్నాను, ఆయన నా ముఖం చూసి కూర్చున్నాడు. ఎండ లేదు, సాయంత్రం కదా. అయినా చాయ్ తాగేంత సేపు కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక అత్తమ్మకు పర్సులోంచి గులాబీ రేకులు తీసి చేతిలో పెట్టాను. నలిగిపోయాయి. వాసన చూసి పక్కన పెట్టి, "ఎవలు ఊడుస్తరో అడిగినవా?" అంది. చెప్పాను. తండా మనిషి చుట్టమని కూడా చెప్పాను.

"జీతం మంచిగిస్తరంటనా?" అంది.

అది అడగడం మరిచిపోయాను.